బిగ్‌ఫుట్ నిజంగా ఉందా? అమెరికా అడవుల్లో దశాబ్దాలుగా వేట.. ఇప్పటివరకు చేతికి చిక్కింది ఏంటో తెలుసా?

2024 డిసెంబర్ 24. అమెరికాలోని పోర్ట్‌లాండ్ సిటీకి చెందిన ఇద్దరు వ్యక్తులు పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో ఉన్న గిఫర్డ్ పిన్చాట్ నేషనల్ ఫారెస్ట్‌లోకి వెళ్లారు. వాళ్లు వెతుకుతున్నది 'సాస్‌క్వాచ్' కోసం. అంటే మనం వీడియోల్లో చూసే బిగ్‌ఫుట్. క్రిస్మస్ ఈవ్‌కే తిరిగి రావాల్సిన వాళ్లు రాలేదు. అర్ధరాత్రి దాటాక కుటుంబ సభ్యులు పోలీసులకు ఫోన్ చేశారు. దాదాపు 60 మంది వాలంటీర్లు, కోస్ట్ గార్డ్ హెలికాప్టర్, డాగ్ స్క్వాడ్, డ్రోన్లు.. మంచు, వాన, పొంగుతున్న వాగుల మధ్య మూడు రోజులు గాలించారు. 28న ఇద్దరి మృతదేహాలూ దొరికాయి. చలికి తట్టుకోలేక, సరైన ఏర్పాట్లు లేక చనిపోయినట్టు కనిపిస్తోందని స్కమానియా కౌంటీ షెరీఫ్ ఆఫీస్ చెప్పింది.

రీల్స్‌లో నవ్వుకుని స్క్రోల్ చేసేసే టాపిక్ ఇది. కానీ దీని కోసం నిజంగానే అడవుల్లోకి వెళ్లేవాళ్లు ఉన్నారు. అసలు ఈ బిగ్‌ఫుట్ కథ ఎక్కడ మొదలైంది? ఎలా వెతుకుతారు? ల్యాబ్‌లో తేలింది ఏంటి? వివరాల్లోకి వెళ్దాం.

పేరు పుట్టింది ఒక రోడ్డు పని దగ్గర!

సాస్‌క్వాచ్ అనే మాట పాతది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉండే ఆదివాసీల హల్కొమేలెమ్ భాషలోని పదాన్ని 1920ల్లో జె.డబ్ల్యూ. బర్న్స్ అనే టీచర్ ఇంగ్లీష్‌లోకి తెచ్చాడు. అక్కడి ఆదివాసీలకు అది వేటాడాల్సిన జంతువు కాదు, తరతరాలుగా గౌరవించే అడవి ప్రాణి. ఈ తేడాను చాలా వీడియోలు అస్సలు చెప్పవు.

'బిగ్‌ఫుట్' అనే పేరు మాత్రం 1958లో వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర అడవిలో రోడ్డు వేస్తున్నారు. జెర్రీ క్రూ అనే బుల్డోజర్ డ్రైవర్ ఉదయం పనికి వచ్చేసరికి బండి చుట్టూ 16 అంగుళాల పాదాల గుర్తులు! వాటికి ప్లాస్టర్ అచ్చు తీసుకుని లోకల్ పత్రిక 'హంబోల్ట్ టైమ్స్' దగ్గరికి పట్టుకెళ్లాడు. అక్టోబర్ 5న అచ్చుతో ఆయన ఫొటో వేశారు. అంతే, దేశమంతా పాకిపోయింది.

ట్విస్ట్ 44 ఏళ్ల తర్వాత వచ్చింది. ఆ రోడ్డు పని కాంట్రాక్టర్ రే వాలెస్ 2002లో చనిపోయాడు. ఆయన కుటుంబం చెక్కతో చెక్కిన పెద్ద పాదాలు బయటపెట్టి, 'ఆ ముద్రలు మా నాన్న సరదాకి వేసినవే' అని చెప్పింది. అప్పటికే వేలమంది అడవుల వెంట పడ్డారు. నమ్మేవాళ్లు మాత్రం ఆ చెక్క పాదాలకు, అన్ని ముద్రలకూ పోలిక లేదని ఇప్పటికీ వాదిస్తారు.

అందరూ చూసిన ఆ వీడియో

నల్లటి బొచ్చుతో ఓ ఆకారం చేతులు ఊపుకుంటూ నడుస్తూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. మీరూ చూసే ఉంటారు. 1967 అక్టోబర్ 20న, అదే బ్లఫ్ క్రీక్ దగ్గర రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ తీసిన ఫిల్మ్ అది. గుర్రాల మీద వెళ్తూ, అద్దెకు తెచ్చిన 16 ఎంఎం కెమెరాతో తీశారు. మొత్తం నిడివి నిమిషం లోపే. వెనక్కి తిరిగి చూసే ఫ్రేమ్‌కి 352 అని నంబర్ కూడా ఉంది. ఫ్యాన్స్ ముద్దుగా 'ప్యాటీ' అంటారు.

ఇక్కడ ఒక పాయింట్. ప్యాటర్సన్ అప్పటికే బిగ్‌ఫుట్ మీద డాక్యుమెంటరీ తీసే పనిలో ఉన్నాడు. ఇంకోటి, ఆ రోజు కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేముల స్పీడ్‌లో పెట్టారో కచ్చితంగా తేలలేదు. స్పీడ్ మారితే నడక మారిపోతుంది. ఒక స్పీడ్‌లో మనిషి నడకలా, ఇంకో స్పీడ్‌లో వింతగా కనిపిస్తుంది. అందుకే ఇన్నేళ్లుగా ఆ నడక మీద చర్చ తెగట్లేదు. 2004లో ఒకాయన 'సూట్ వేసుకుంది నేనే' అన్నాడు, కానీ ఆ సూట్ మాత్రం చూపించలేకపోయాడు. ప్యాటర్సన్ 1972లోనే చనిపోయాడు. గిమ్లిన్ మాత్రం తన మాట మార్చలేదు.

అడవిలో ఎలా వెతుకుతారు?

పగలు పని పాదముద్రలు, వెంట్రుకల కోసం. బురదలో ముద్ర కనిపిస్తే కొలతలు తీసి, ఫొటో తీసి, ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. చెట్టు బెరడుకో, కంచెకో అంటుకున్న బొచ్చును కవర్‌లో వేస్తారు. అసలు హడావుడి రాత్రి పూట. లావు కర్రతో చెట్టును కొట్టడం (దీన్ని వుడ్ నాక్ అంటారు), గట్టిగా ఊళ వేయడం, తర్వాత నిశ్శబ్దంగా జవాబు కోసం ఎదురుచూడటం. ఇవతలి గ్రూప్ కొడితే అవతల క్యాంప్ చేసిన ఇంకో గ్రూప్ తిరిగి కొట్టదన్న గ్యారంటీ ఏంటో మాత్రం అర్థం కాదు! థర్మల్ కెమెరాలూ వాడతారు. అవి చూపించేది వేడి మాత్రమే. దూరంలో ఉన్న జింకైనా, మనిషైనా ఒక తెల్లటి ముద్దే.

ఇంకా ముందుకెళ్లి 1974లో ఓరెగాన్ అడవిలో ఏకంగా బోనే కట్టారు. మందమైన చెక్కలు, ఇనుప తలుపు, లోపల ఎరగా మాంసం. ఆరేళ్ల పాటు నడిపారు. పడినవి ఎలుగుబంట్లు. ఆ బోను ఇప్పటికీ ఆపిల్‌గేట్ లేక్ దగ్గర ఉంది, ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ఫొటోలు దిగి వస్తున్నారు.

1995లో మొదలైన బీఎఫ్‌ఆర్‌ఓ అనే సంస్థ 'మేం చూశాం' అనే రిపోర్టుల్ని సేకరిస్తోంది. స్పష్టంగా చూస్తే క్లాస్ ఏ, సరిగా కనిపించకపోయినా, శబ్దం మాత్రమే విన్నా క్లాస్ బీ, ఎవరో చెప్తే విన్నది క్లాస్ సీ. ఈ సంస్థ వాళ్లే 'ఫైండింగ్ బిగ్‌ఫుట్' షోలో కనిపించారు. 2011 నుంచి 2018 వరకు నడిచిన ఆ షోలో బిగ్‌ఫుట్ మాత్రం దొరకలేదు.

ల్యాబ్‌లో ఏం తేలింది?

1976లో పీటర్ బర్న్ అనే బిగ్‌ఫుట్ అన్వేషకుడు ఏకంగా ఎఫ్‌బీఐకే ఉత్తరం రాశాడు. కొన్ని వెంట్రుకలు, వాటికి అంటుకున్న చిన్న చర్మం ముక్క పంపాడు. మామూలుగా ఇలాంటివి చేయకపోయినా ఎఫ్‌బీఐ టెస్ట్ చేసింది. 1977లో వచ్చిన ఫలితం: జింక జాతి వెంట్రుకలు. ఈ ఫైల్‌ను 2019లో పబ్లిక్‌గా పెట్టారు.

పెద్ద పరీక్ష 2014లో జరిగింది. ఆక్స్‌ఫర్డ్ జన్యు శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ ప్రపంచవ్యాప్తంగా 'బిగ్‌ఫుట్ వెంట్రుకలు', 'యతి వెంట్రుకలు' ఉన్నవాళ్లంతా పంపండి అని అడిగాడు. డీఎన్‌ఏ దొరికిన 30 శాంపిల్స్‌లో ఒక్కటి కూడా కొత్త వానరానిది కాదు. ఎలుగుబంటి, గుర్రం, ఆవు, కుక్క, ముళ్లపంది.. ఒకటైతే మనిషిదే!

ఇందులో మనకూ ఒక లింక్ ఉంది. ఆ 30లో ఒకటి లద్దాఖ్ నుంచి వెళ్లింది. అది, భూటాన్ శాంపిల్ కలిపి రెండూ పాతకాలపు ధ్రువపు ఎలుగుబంటికి దగ్గరగా ఉన్నాయని సైక్స్ చెప్పడంతో కలకలం రేగింది. తర్వాత వేరే శాస్త్రవేత్తలు మళ్లీ చూసి, అది హిమాలయన్ బ్రౌన్ బేర్ అయి ఉండొచ్చన్నారు. 2017లో ఇంకో టీమ్ 'యతి'వని చెబుతున్న తొమ్మిది శాంపిల్స్ పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. 2019లో మన ఆర్మీ మకాలు బేస్ క్యాంప్ దగ్గర యతి అడుగులంటూ ట్వీట్ చేసినప్పుడు వచ్చిన ట్రోలింగ్ గుర్తుంది కదా!

మరి అంతమంది చూసింది ఏంటి?

అందరూ అబద్ధం చెప్తున్నారని అనుకోవడం సరికాదు. నల్ల ఎలుగుబంటి వెనక కాళ్ల మీద నిలబడగలదు, కొంతదూరం నడవగలదు కూడా. నడిచేటప్పుడు ముందు పాదం పడినచోటే కాస్త వెనక పాదం పడితే రెండూ కలిసి ఒకే పొడవాటి మనిషి పాదంలా కనిపిస్తుంది. మంచులో అయితే ఎండకు కరిగి ఆ ముద్ర ఇంకా పెద్దదవుతుంది. ఫ్లో ఫాక్సన్ అనే పరిశోధకుడు లెక్కలు తీస్తే, ఎలుగుబంట్లు ఎక్కువున్న చోటే బిగ్‌ఫుట్ రిపోర్టులూ ఎక్కువున్నాయి. ప్రతి వెయ్యి ఎలుగుబంట్లు పెరిగితే రిపోర్టులు సగటున 4 శాతం పెరుగుతున్నాయట.

ఇంకో ఉదాహరణ నాకు బాగా నచ్చింది. అదే వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినీర్ దగ్గర వుల్వరీన్ అనే అరుదైన చిన్న జంతువు ఉంది. 2020లో ఒక తల్లి, దాని పిల్లలు ట్రైల్ కెమెరాలకు దొరికాయి, వందేళ్ల తర్వాత మొదటిసారి. కుక్క సైజు జంతువు కెమెరాకు చిక్కింది. ఏడడుగుల జంతువు గుంపులు గుంపులుగా బతుకుతుంటే ఒక ఎముక, ఒక పన్ను కూడా దొరక్కపోవడం ఎలా?

వీడియో వస్తే ఇలా చూడండి

2023 అక్టోబర్‌లో కొలరాడోలో రైలు కిటికీలోంచి తీసిన 'బిగ్‌ఫుట్' వీడియో వైరల్ అయింది. సూట్ వేసుకున్న మనిషి అనే అనుమానాలే ఎక్కువ వినిపించాయి. 2025లో అయితే బిగ్‌ఫుట్ సెల్ఫీ వ్లాగ్స్ చేస్తున్నట్టు ఏఐ వీడియోలు ముంచెత్తాయి. కాబట్టి షేర్ కొట్టే ముందు ఎవరు తీశారు, ఎక్కడ, కట్ చేయని పూర్తి వీడియో ఉందా, పక్కన ఎత్తు పోల్చడానికి చెట్టో మనిషో ఉన్నారా.. ఇవి చూడండి. నడిచే దారిలో గడ్డి, నీళ్లు, నీడ సహజంగా కదులుతున్నాయా అన్నది కూడా.

అడవికి వెళ్లేవాళ్లకు..

సియాటెల్, పోర్ట్‌లాండ్ వైపు మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, వీకెండ్ ట్రెక్కింగ్ మామూలే. గిఫర్డ్ పిన్చాట్ అక్కడికి కారులో కొన్ని గంటల దూరం. బిగ్‌ఫుట్ కోసం కాకపోయినా ఇవి తెలియాలి. అక్కడ చలికాలంలో మంచు కన్నా వాన డేంజర్. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలున్నా తడిసిన కాటన్ బట్టలతో ఉంటే హైపోథర్మియా వస్తుంది. వణుకు, మాట తడబడటం, అయోమయం దాని లక్షణాలు. లోపల ఉన్ని లేదా సింథటిక్, పైన వాటర్‌ప్రూఫ్ జాకెట్ ఉండాలి. అడవి లోపల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడల్స్‌లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి కచ్చితంగా చెప్పండి. ఆ టైమ్ దాటితే వాళ్లు 911కి ఫోన్ చేయాలి.

అన్నట్టు, ఆ ఇద్దరూ చనిపోయిన స్కమానియా కౌంటీలోనే 1969లో ఒక వింత చట్టం వచ్చింది. బిగ్‌ఫుట్‌ను చంపితే 10 వేల డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు. జోక్ అనుకుంటాం కానీ, తుపాకులతో బిగ్‌ఫుట్ వేటకు వస్తున్న జనం వల్ల మనుషులకే ప్రమాదమన్న భయం దాని వెనక ఉంది. 1984లో మార్పులు చేసి శిక్ష తగ్గించారు.