ఖాదిసియా శిబిరంలో రోగగ్రస్తుడైన సేనాని

ఖాదిసియా యుద్ధం జరిగిన సంవత్సరం గురించి చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది హిజ్రీ 14 లేక 15 (క్రీ.శ. 636 ప్రాంతం) అంటారు. కాని ఆ రోజున ముస్లిం సైన్యాధిపతి హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గుర్రం ఎక్కలేని స్థితిలో ఉన్నారనే విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. ఒళ్ళంతా కురుపులు. దానికి తోడు నడుము నుంచి కాలిలోకి దిగే నరాల నొప్పి. అరబ్బులు దానిని ఇర్ఖున్నసా అంటారు. కూర్చోవడం కూడా దుర్లభమై, ఖుదైస్ అనే కోట పైభాగాన దిండు మీద రొమ్ము ఆనించి బోర్లా పడుకున్నారు. రణరంగాన్ని చూస్తూ చీటీల మీద ఆజ్ఞలు వ్రాయించి క్రింద ఉన్న ఖాలిద్ బిన్ ఉర్ఫుతాకు పంపేవారు.

ఇస్లాం మార్గంలో మొట్టమొదట బాణం వదిలిన విలుకాడికి ఇది చిన్న బాధ కాదు. సైనికులలో గుసగుసలు బయలుదేరాయి. ఎందరో స్త్రీలు విధవలయ్యారు గాని సాద్ భార్యలకు మాత్రం ఆ దుఃఖం రాలేదని ఒక కవి ఎత్తిపొడుస్తూ పద్యం చెప్పాడు. సాద్ (రజి) క్రిందికి దిగివచ్చి తన తొడల మీది పుండ్లను జనానికి చూపించారు. వారు ఆయన అశక్తతను అంగీకరించారు. సేనాని తన శరీరాన్నే సాక్ష్యంగా చూపవలసిరావడం చరిత్రలో అరుదైన దృశ్యం.

ఇంటిలోని మాట అంతకంటే పదునైనది. ఆయన భార్య సల్మా అంతకు ముందు ముసన్నా బిన్ హారిసాకు ఇల్లాలు. ముసన్నా గాయంతో మరణించిన పిమ్మట సాద్ ఆమెను వివాహమాడారు. మొదటి రోజు పోరు తీవ్రమైనప్పుడు, ఈనాడు ముసన్నా లేడే అని ఆమె వాపోయింది. సాద్ ఆమెను చెంపపై కొట్టారు. ఈర్ష్యా, పిరికితనమూ రెండూనా అని ఆమె ఎదురడిగింది. ఆ మనస్పర్ధ యుద్ధం ముగిసే లోపలనే తొలగిందని తబరీ గ్రంథంలో ఉంది. ఈ వివరాలలో అధికభాగం సైఫ్ బిన్ ఉమర్ చెప్పినవి. హదీసువేత్తలు అతనిని బలహీనుడిగా లెక్కించారు కనుక ప్రతి సంభాషణనూ యథాతథంగా నమ్మనవసరం లేదు. అయినా పిరికితనమనే నింద నిలవదు. ఎదుట ఉన్న సేనాపంక్తి కాస్త ప్రక్కకు తొలగినా కోటలోని రోగి శత్రువు చేతికి చిక్కవలసినవాడే.

అటు మదీనాలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రతి ఉదయం ఊరి వెలుపలకు వచ్చి, వచ్చే పోయే బాటసారులను ఎండ ముదిరేవరకు అడిగేవారు. చివరకు విజయవార్త తెచ్చిన దూత కనబడినప్పుడు అతని ఒంటె ప్రక్కనే పరుగెత్తుతూ విషయం రాబట్టారు. పట్టణంలో జనం సలాం చేసేవరకు ఆయన ఖలీఫా అని ఆ దూతకు తెలియదు.

సాద్ (రజి) రోగశయ్య నుంచి లేవడం అది మొదటిసారి కాదు. అంతిమ హజ్ సందర్భంలో, హిజ్రీ 10లో, ఆయన మక్కాలో మరణం అంచులదాకా వెళ్ళారు. (ఇది మక్కా విజయం నాటి సంగతి అని ఇబ్న్ ఉయైనా ఉల్లేఖనం, తక్కినవారి మాటే బలమైనదిగా భావించబడింది.) దైవప్రవక్త (స) పరామర్శకు వచ్చారు. సాద్‌ను రెండు చింతలు వేధిస్తున్నాయి. అల్లాహ్ కొరకు విడిచిపోయిన ఊరిలోనే చనిపోతే తన హిజ్రత్ ఏమవుతుందన్నది ఒకటి. ఆస్తి చాలా ఉంది, సంతానం ఒక్క కూతురే అన్నది రెండవది. ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయనా అని అడిగారు. వద్దన్నారు ప్రవక్త (స). సగం? అదీ వద్దన్నారు. మూడోవంతుకు అనుమతించి, అదీ ఎక్కువేనన్నారు. వారసులు జనం ముందు చేయి చాచేలా విడిచిపోవడం కంటే కలిగినవారిగా విడిచిపోవడం మేలని తెలిపారు. వీలునామాకు మూడోవంతు హద్దు స్థిరపడింది ఈ మంచం ప్రక్కనే. మూడోవంతు కంటే నాలుగోవంతుకు తగ్గించుకుంటే ఇంకా బాగుండునని ఇబ్న్ అబ్బాస్ (రజి) కోరుకునేవారు. మన దేశపు న్యాయస్థానాలు ముస్లింల వీలునామాలలో నేటికీ పాటించేది ఆ మూడోవంతునే.

నీవు ఇంకా బ్రతుకుతావేమో, నీ వలన కొందరికి లాభమూ మరికొందరికి నష్టమూ కలుగుతాయేమో అని కూడా ప్రవక్త (స) అన్నారు. వ్యాఖ్యాతలు దీనిని ఇరాఖ్ విజయాలకు అన్వయించారు. ఆ తరువాత సాద్ దాదాపు 45 సంవత్సరాలు జీవించారు. పలువురు కుమారులు, కుమార్తెలు కలిగారు. ఈ ఉదంతాన్ని మనకందించినవారిలో ఆయన కుమారుడు ఆమిర్, కుమార్తె ఆయిషా ఉన్నారు. నాడు మంచం దగ్గర ప్రస్తావనకు వచ్చిన కూతురు ఈ ఆయిషా కాదని, ఉమ్ముల్ హకమ్ అని ఇబ్న్ హజర్ నిర్ణయం. ఆయిషా హిజ్రీ 117 వరకు జీవించి, ఇమాం మాలిక్‌కు సైతం హదీసు వినిపించిన స్త్రీ. తండ్రి జబ్బుపడిన నాటికి ఆమె పుట్టనేలేదు. ఆమె విన్నది తండ్రి నోట. ప్రవక్త (స) తన నుదుటిపై చేయి ఉంచి, ముఖాన్నీ పొట్టనూ నిమిరి, స్వస్థత కొరకు ప్రార్థించారని, ఆ చేతి చల్లదనం తన కాలేజానికి ఇంకా తగులుతూనే ఉన్నదని ఆయన చెప్పేవారట.