వానకాలంలో చీలిన తూటాలు

మన కంచరివారు ఇత్తడి రేకును చెంబుగా సాగగొట్టేటప్పుడు మధ్యమధ్య పని ఆపి, దానిని కొలిమిలో పెట్టి కాలుస్తారు. ఎందుకని అడిగితే, దెబ్బలు తిన్న ఇత్తడి బిరుసెక్కుతుందని, కాల్చకుండా ఇంకా కొడితే పగులుతుందని చెబుతారు. పెంబర్తిలోను, బుడితిలోను పనివారి చేతికి తరతరాలుగా తెలిసిన ఈ సంగతిలోని లోతును ఆయుధ కర్మాగారాలు ఎంతో నష్టపడి నేర్చుకోవలసి వచ్చినది. తుపాకి పేలిన తరువాత నేలమీద పడే ఖాళీ ఇత్తడి గొట్టమే ఈ కథకు నాయకుడు.

కాగితం నుంచి ఇత్తడికి

1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకిలో వాడిన తూటా ఒక కాగితపు పొట్లం. అందులో మందు, సీసపు గుండు ఉండేవి. సిపాయి పొట్లం కొనను పంటితో కొరికి, మందును గొట్టంలో పోసి, గుండును కూరేవాడు. ఆ కాగితానికి పూసిన కొవ్వును గురించి పుట్టిన అనుమానం 1857 తిరుగుబాటును రగిల్చిన కారణాలలో ఒకటి అయినదని విద్యార్థులు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు.

కాగితపు పొట్లానికి మరొక లోపం కూడా ఉన్నది. తుపాకిని వెనుకనుంచి నింపే పద్ధతి వచ్చినప్పుడు, మందు మండి పుట్టిన వాయువు వెనుక సందులగుండా బయటికి తన్నుకొని వచ్చేది. 1866లో బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ పలుచని ఇత్తడి రేకును చుట్టగా చుట్టి తూటా గొట్టం చేశాడు. వాయువు ఆగినది కాని చుట్ట బలం చాలలేదు. 1885లో సూడాన్ దేశంలోని అబూ క్లియా యుద్ధంలో తుపాకులు వేడెక్కి, తూటా గొట్టాలు లోపల ఇరుక్కొని, కొందరు సైనికుల ప్రాణాలమీదికి వచ్చినది. ఆ తరువాత అతుకులేని గొట్టాలే వాడుకలోకి వచ్చాయి.

1888లో లీ-మెట్‌ఫర్డ్ తుపాకితోపాటు ప్రవేశించిన ‘త్రీ నాట్ త్రీ’ తూటా అటువంటిదే. గొట్టం లోపలి కొలత 0.303 అంగుళం కనుక ఆ పేరు వచ్చినది. 1895లో వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకి కూడా దీనినే వాడినది. మన పోలీసుల భుజాలమీద దశాబ్దాలపాటు కనిపించిన తుపాకి ఈ కుటుంబానికి చెందినదే.

ఇత్తడినే ఎందుకు ఎన్నుకొన్నారు?

ఈ తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దరిదాపు మూడువేల రెట్లు. అప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బి తుపాకి గోడకు గట్టిగా అతుక్కుంటుంది. దానితో వాయువు వెనుకకు రాలేదు. గుండు బయటికి పోయి ఒత్తిడి తగ్గగానే గొట్టం కొద్దిగా కుంచించుకొని వదులవుతుంది. అందుచేత దానిని తేలికగా బయటికి లాగవచ్చు. లోహం మరీ మెత్తనైతే ఉబ్బినది ఉబ్బినట్లే ఉండి ఇరుక్కుంటుంది. మరీ బిరుసైతే చీలిపోతుంది. ఈ రెంటికీ మధ్య సరిగా నిలబడే మిశ్రలోహం 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు యశదం (జింకు) కలిసిన ఇత్తడి.

ఈ గొట్టాన్ని పోతపోసి చేయరు. ఇత్తడి బిళ్ళను మొదట గిన్నెగా వంచి, తరువాత అచ్చుల గుండా పలుమార్లు నెట్టి పొడుగ్గా సాగదీస్తారు. సాగిన ప్రతిసారీ లోహంలోని స్ఫటికాలు నలిగి, లోహం బిరుసెక్కుతుంది. కంచరివాడు చేసినట్లే మధ్యమధ్య దానిని కాల్చి మెత్తబరుస్తారు. చిట్టచివర మూతిని నొక్కి సన్నగా చేసి గుండును బిగిస్తారు. ఆ చివరి నొక్కుడు వలన మూతి దగ్గర కంటికి కనిపించని బిగువు నిలిచిపోతుంది. అసలు చిక్కు వచ్చినది ఇక్కడే.

గుర్రపుశాలలోని రహస్యం

బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో సైన్యాలకోసం తూటాలు నిలవచేసేది. వానలు మొదలై సైనిక కార్యకలాపాలు ఆగినప్పుడు, తూటాలను తడవకుండా గుర్రపుశాలలలో దాచేవారు. వానలు వెలిసిన తరువాత తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా అనేక తూటాల మూతులు నిలువునా చీలి ఉండేవి. చీలిన తూటా పేలితే వాయువు ఎటు తన్నుతుందో చెప్పలేము. ఋతువునుబట్టి వచ్చే రోగంవలె కనబడటం వలన దీనిని ‘సీజన్ క్రాకింగ్’, అంటే ఋతు పగుళ్ళు, అన్నారు. వేడిమా, తేమా, ఇత్తడి నాణ్యం తక్కువా అని ఎంతోకాలం తర్జనభర్జనలు జరిగాయి.

1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఈ చిక్కుముడిని విప్పారు. దోషి గుర్రాల మూత్రం! అది కుళ్ళినప్పుడు అమోనియా వాయువు వెలువడుతుంది. గాలిలోని తేమ, ఆక్సిజన్ తోడైతే అమోనియా రాగితో కలిసి నీటిలో కరిగే సంయోగపదార్థంగా మారుతుంది. ప్రయోగశాలలో మైలుతుత్తం ద్రావణానికి అమోనియాను ఎక్కువగా కలిపినప్పుడు కనిపించే చిక్కని నీలిరంగు అటువంటి పదార్థానిదే. అయితే అమోనియా ఒక్కటే ఇత్తడిని ఇలా చీల్చలేదు. మూతిలో దాగిన బిగువు స్ఫటికాల అంచులను ఎడంగా లాగుతూ ఉంటే, అమోనియా ఆ అంచుల వెంబడే తొలుచుకుంటూ పోతుంది. బిగువు లేని ఇత్తడి ఆ గాలిలో మసకబారుతుందేగాని పగలదు. బిగువున్న ఇత్తడికి మంచి గాలిలో ప్రమాదం లేదు. రెండూ కలిసినప్పుడే చేటు.

మందు కూడా దీనినుంచే దొరికినది. సుమారు 250 సెంటీగ్రేడ్ డిగ్రీల వద్ద కొంతసేపు వేడిచేస్తే, లోహం బలం పెద్దగా తగ్గకుండానే దాగిన బిగువు సడలిపోతుంది. పాత సైనిక తూటాల మెడపై కనిపించే నీలి, గోధుమ రంగు చారలు ఆ ప్రాంతాన్ని ఇలా వేడిచేసినందుకు గుర్తు. అవి చూసి తూటా పాడైనదని భ్రమపడేవారు కూడా ఉన్నారు.

పాదరసం చేసిన ద్రోహం

ఇత్తడికి మరొక శత్రువు తూటా అడుగునే దాగి ఉండేది. సుత్తి దెబ్బకు నిప్పుపుట్టించే చిన్న టోపీని ప్రైమర్ అంటారు. అందులో పూర్వం పాదరసపు ఫల్మినేట్ వాడేవారు. 1880లలో అమెరికా సైనికులు పేలిన గొట్టాలను పోగుచేసి, కడిగి, మళ్ళీ నింపి గురి అభ్యాసానికి వాడేవారు. నల్లమందు కాలంలో ఇది బాగానే సాగినది. నల్లమందు విడిచే దట్టమైన మసి పాదరసాన్ని తనలో కలుపుకొనేది, కడిగినప్పుడు రెండూ పోయేవి. పొగలేని మందు రాగానే మసి తగ్గి, పాదరసం నేరుగా ఇత్తడిలోకి ఇంకినది. పైకి చక్కగా కనిపించే గొట్టం రెండవసారి పేల్చేటప్పుడు పెంకువలె పగిలేది. దానితో ఆ శతాబ్దాంతానికి అమెరికా కర్మాగారం తన సైనిక తూటాలనుంచి పాదరసాన్ని తొలగించినది. విచిత్రమేమంటే, ఈ ద్రోహి గుణాన్నే తరువాత శాస్త్రజ్ఞులు పరీక్షకు వాడుకొన్నారు. ఇత్తడి వస్తువును పాదరసపు లవణ ద్రావణంలో ముంచితే, లోపల బిగువున్నది కొద్దిసేపట్లోనే పగిలి తన గుట్టు తానే చెబుతుంది.

పాత తుపాకి, పాత గొట్టం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత మిగిలిపోయిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకులు అమెరికా, కెనడా దేశాల పౌరులకు చవకగా అమ్ముడుపోయాయి. అక్కడ ఖాళీ గొట్టాలను చేతితో తిరిగి నింపుకోవటం చట్టసమ్మతమైన అలవాటు. అయితే ఆ తుపాకి గూడు యుద్ధభూమిలోని బురదను తట్టుకొనేటందుకు కాస్త వదులుగా చేయబడినది. పైగా దాని గడియ వెనుకభాగంలో పడుతుంది గనుక, పేలినప్పుడు కొద్దిగా సాగుతుంది. అందుచేత ప్రతి పేలుడుకూ గొట్టం అడుగుకు కొంచెం పైన ఇత్తడి సాగి పలుచబడుతుంది. కొన్నిసార్లకు అక్కడ రెండు ముక్కలవుతుంది. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయటం నేరం. ఎక్కడైనా పాత తూటా దొరికితే విద్యార్థులు దానిని ముట్టుకోక పెద్దలకు, పోలీసులకు తెలపాలి.

ఒక గుర్రపుశాల నేర్పిన ఈ పాఠం తూటాలతో ఆగలేదు. బిగువు, రసాయనం ఒకటైనప్పుడు లోహం చీలుతుందనే ఈ సూత్రాన్ని ఆవిరి యంత్రాల గొట్టాలు, వంతెనలు, విమానాల భాగాలు తయారుచేసే ఇంజనీర్లు నేటికీ మనసులో పెట్టుకొంటారు. లోహానికి కూడా జ్ఞాపకశక్తి ఉన్నదనవచ్చు. తాను తిన్న దెబ్బలను అది తనలో దాచుకొంటుంది. కొలిమిలో పెట్టి ఆ జ్ఞాపకాన్ని చెరపటమెలాగో మన కంచరివాడికి తెలుసు. అలా చేయటం ఎందుకు అవసరమో శాస్త్రం విడమరచి చెప్పినది.