నక్షత్రాంతర మేఘాల్లో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి

నక్షత్రాంతర మేఘాల్లో కార్బన్-12, కార్బన్-13 పరమాణువుల నిష్పత్తి పాలపుంత రసాయన పరిణామాన్ని తెలిపే ముఖ్య కొలమానం. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అమెరికాలోని కిట్ పీక్ రేడియో టెలిస్కోపుతో ఓరియన్ నెబ్యులాలో కార్బన్ మోనాక్సైడును గుర్తించడంతో ఈ కొలతలకు దారి ఏర్పడింది. సాధారణ అణువు 115.27 గిగాహెర్ట్జ్ వద్ద, కార్బన్-13 ఉన్నది 110.20 గిగాహెర్ట్జ్ వద్ద రేడియో తరంగాలను వెలువరిస్తాయి. దట్టమైన మేఘంలో సాధారణ అణువు తరంగాలను ఆ మేఘమే చాలావరకు పీల్చుకుంటుంది కాబట్టి రెంటినీ నేరుగా పోల్చితే నిష్పత్తి అసలు కంటే తక్కువగా తేలుతుంది. అందుకే ఆక్సిజన్-18 కలిసిన అరుదైన అణువులను పోల్చడం ఒక నమ్మదగిన పద్ధతి.

కార్బన్-12 హీలియం సంలీనంలో నేరుగా పుడుతుంది. కార్బన్-13 ప్రధానంగా అప్పటికే ఉన్న కార్బన్-12 నుంచి సీఎన్ఓ (కార్బన్-నైట్రోజన్-ఆక్సిజన్) చక్రంలో తయారవుతుంది. అందువల్ల నక్షత్రాల తరాలు గడిచేకొద్దీ నిష్పత్తి తగ్గుతుంది. 460 కోట్ల ఏళ్ల నాటి సౌరకుటుంబంలో అది సుమారు 89, నేటి సూర్య పరిసర మేఘాల్లో సుమారు 68, నక్షత్రాల తరాల ప్రభావం ఎక్కువగా ఉన్న పాలపుంత కేంద్రం వద్ద 20–25.