పత్తి చేలలో పరిణామం

ఒకే జాతి పురుగులు చూపుకు ఒకేలా ఉన్నా, వాటి జన్యువులు ఒకేలా ఉండవు. డీఎన్ఏ నకలు తయారయ్యేటప్పుడు దొర్లే ఉత్పరివర్తనలు, తల్లిదండ్రుల జన్యువులు కలగలిసే తీరు ఈ తేడాలకు మూలం. పరిసరాల్లో నిలదొక్కుకోవడానికి తోడ్పడే తేడా ఉన్న జీవి ఎక్కువ సంతానాన్ని మిగులుస్తుంది. ఆ జన్యువు తరతరానికీ పెరిగి, జాతి తీరే మారుతుంది. దీనినే పరిణామం అంటారు.

డార్విన్ 1859లో ఈ ఏరివేతను, అంటే ప్రకృతి వరణాన్ని, వివరించినా, తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పలేకపోయాడు. మెండెల్ 1866లో ప్రచురించిన అనువంశికతా సూత్రాలు 1900 దాకా మరుగునే ఉన్నాయి. అమెరికా తోటల్లో గంధకం, సున్నం కలిపిన మందుకు చావని పొలుసు పురుగుల గురించి కీటక శాస్త్రవేత్త మెలాండర్ 1914లో రాశాడు. బాక్టీరియాలో నిరోధక మార్పులు వాటిని చంపే వైరస్ తగలక ముందే పుడతాయని 1943లో శాస్త్రవేత్తలు లూరియా, డెల్‌బ్రుక్ ప్రయోగాలతో చూపారు. అలాగే విషం కూడా మార్పును పుట్టించదు, ఉన్నదాన్ని ఏరి మిగులుస్తుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో, దర్శి చుట్టుపక్కల నల్లరేగడి చేలతో సహా, ఈ సూత్రం రైతులకు అనుభవంలోకి వచ్చింది. 1980ల మధ్యలో తెల్లదోమ విజృంభించినప్పుడు, దానిని తట్టుకునే ‘కాంచన’ రకాన్ని గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అందించారు. మొక్కల్లోని జన్యు వైవిధ్యం అలా రైతుకు అక్కరకొచ్చింది. అదే వైవిధ్యం పురుగుకూ ఉంది. సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందులను పదే పదే కొట్టడంతో వాటికి లొంగే శనగపచ్చ పురుగులు చచ్చి, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉన్నవి మిగిలాయి. 1987-88లో మందులు పనిచేయక పంట పోయింది. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించిన పురుగుల్లో నిరోధకతను 1989లో వెలువడిన పరిశోధన నిర్ధారించింది.

2002లో, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటాలపైనా బతుకుతుంది. ఆ పైర్ల మీద బీటీ విషం తగలకుండా పెరిగిన రెక్కల పురుగులు పత్తిలో మిగిలిన వాటితో జతకట్టడంతో నిరోధక జన్యువులు పలచబడ్డాయి. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తి ఒక్కటే ఆహారం. దానిపై ఒత్తిడి ఎడతెగనిది. గుజరాత్‌లో మొదటి బీటీ జన్యువుకు అది నిరోధకత సాధించినట్లు 2010లో వెల్లడైంది. రెండు జన్యువులున్న విత్తనం 2006లోనే వచ్చినా, దశాబ్దం తిరగకముందే అదీ ఈ పురుగును లొంగదీయలేకపోయింది. భారతదేశపు పురుగుల్లో విషం అతుక్కునే కాడ్‌హెరిన్ ప్రోటీన్ జన్యువు ఒకే తీరున కాక, పలు రకాలుగా దెబ్బతిన్నట్లు 2014లో తేలింది. పెద్ద సంఖ్యలో పుట్టే జీవికి పరిణామం తొక్కే దారులు అనేకం ఉంటాయి.

అమెరికాలోని అరిజోనాలో బీటీ కాని పత్తిని ఆశ్రయ పంటగా పక్కన వేయడం వల్ల ఏళ్ల తరబడి ఆ పురుగులో నిరోధకత ముదరలేదు. మన దేశంలో ఆశ్రయ పంటకు ఇచ్చిన విత్తనాన్ని చాలామంది విత్తలేదు. బీటీ కాని పత్తిని గట్ల వెంట వేయడం, పంటను పొడిగించకుండా మోళ్లు తీసేయడం, ఒకే తరహా మందును వరుసగా కొట్టకపోవడం రైతు చేతిలో ఉన్న పనులు. మందుకు లొంగే జన్యువులు పురుగుల్లో మిగిలి ఉన్నంత కాలమే ఏ మందైనా, ఏ విత్తనమైనా పనిచేస్తుంది. వాటిని కాపాడుకోవడం ఊరంతా కలిసి చేయవలసిన పని.