చెరువు లెక్క తేల్చాలంటే పెద్ద కంప్యూటర్ కొనాలా? వర్చువల్ మెషిన్ ఎలా వాడాలంటే..

మూసాపేట కాముని చెరువు కొన్నేళ్లలో ఎంత మారిందో మీరే లెక్క కట్టాలనుకుంటున్నారా? కావాల్సిన డేటా ఇచ్చే సంస్థ మెట్రోలో తర్వాతి స్టేషన్ ఉన్న బాలానగర్‌లోనే ఉంది. ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 'భూనిధి' పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు అందిస్తోంది. 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకంటే ముతక రిజల్యూషన్ చిత్రాలు అందరికీ ఉచితం.

చిక్కు డౌన్‌లోడ్ తర్వాత మొదలవుతుంది. అన్నేళ్ల చిత్రాలు ఒకేసారి తెరిస్తే 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ఇలాంటప్పుడే వర్చువల్ మెషిన్ అక్కరకొస్తుంది. డేటా సెంటర్‌లోని పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో వాటాలు వేసి, ఒక్కో వాటాను విడి కంప్యూటర్‌లా ఇస్తారు. గూగుల్ కోల్యాబ్‌లో మీకు ఉచితంగా దొరికేది ఇదే.

ఉచిత సెషన్ గరిష్ఠంగా 12 గంటలే. కాసేపు కదలిక లేకపోయినా ముందే ఆగిపోతుంది. మెషిన్‌తో పాటు అందులోని ఫైళ్లూ పోతాయి. రాత్రి రన్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఏమీ మిగలకపోవచ్చు. అందుకే ప్రతి దశ ఫలితాన్నీ డ్రైవ్‌లో సేవ్ చేయండి (అక్కడా ఉచితం 15 జీబీ వరకే). స్నేహితుడికి లింక్ పంపితే నోట్‌బుక్ వెళ్తుంది గానీ మీ మెషిన్ వెళ్లదు. అతనికి వేరే మెషిన్ వస్తుంది, మీరు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు అందులో ఉండవు. కోడ్ కింద కనిపించే ఫలితాలు మాత్రం మామూలుగా లింక్‌తో పాటే వెళ్తాయి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే ముందే తీసేయండి.

కాలేజీ ల్యాబ్‌లో అందరికీ కలిపి ఒకే మెషిన్ ఇస్తే తీరు వేరు. ఒకరు ర్యామ్ అంతా లాగేస్తే మిగతావాళ్ల పని మధ్యలో ఆగిపోతుంది. ఒకే పాస్‌వర్డ్ పదిమంది వాడటం కన్నా తలా ఒక ఖాతా అడగడం మంచిది. లేదంటే ఎవరు ఏ ఫైల్ చెరిపారో తేలదు.

ఏ చిత్రం తీసుకోవాలన్నదీ ముఖ్యమే. రిసోర్స్‌శాట్ లిస్-3లో ఒక్కో చుక్క 23.5 మీటర్లు, అంటే దాదాపు ఐదున్నర గుంటలు. రెండు గుంటల ఆక్రమణ అందులో కనిపించదు. 5.8 మీటర్ల లిస్-4లో గుంటకు మూడు చుక్కలొస్తాయి. తేదీలు కూడా చూసుకోండి. అక్టోబరులో నిండిన చెరువును మేలో ఎండిన చెరువుతో పోలిస్తే కబ్జా లేకున్నా ఉన్నట్టే తేలుతుంది.