మ్యాన్‌హోల్ పనిలో భద్రతా శిక్షణ: ఎవరికి, ఏం నేర్పాలి?

మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు పోయినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: 'కార్మికులకు అవగాహన లేదు'. దీన్ని మేము ఒప్పుకోం. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషికి ప్రమాదం తెలుసు. దిగనంటే రేపటి కూలి పోతుందనీ తెలుసు. ఆ పని తన కులానిదేనని పైనున్నవాళ్లు అనుకుంటారనీ తెలుసు. శిక్షణ ఇచ్చేవారు ముందుగా గుర్తించాల్సింది ఇదే.

అనుభవం మోసం చేసే చోటు

వందసార్లు దిగి క్షేమంగా పైకొచ్చిన మనిషికి ఆ తర్వాత భయం తగ్గుతుంది. దాన్ని నిర్లక్ష్యం అనలేం. ఎవరి మనసైనా అలాగే అలవాటుపడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర మాత్రం ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. వాసన రాకపోతే గ్యాస్ లేదని అర్థం కాదు. అడుగున మడ్డి కదిపినప్పుడు గ్యాస్ ఒక్కసారిగా పెరగొచ్చు. అగ్గిపుల్ల వెలిగించి చూస్తే మీథేన్ అంటుకుంటుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గిందో లేదో డిటెక్టరే చెప్పాలి.

లోపల పడిపోయిన తోటివాడి కోసం వెంటనే దూకేవాళ్లూ చనిపోతున్నారు. అన్నదమ్ముడు కళ్లముందు పడిపోతే ఆగడం ఎవరివల్లా కాదు. అందుకే తాడుతో పైనుంచే లాగడం ముందే పదేపదే సాధన చేయించాలి.

ఎలా నేర్పాలి?

బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరే 1963లో ఆంజికోస్ పట్టణంలో కూలీలకు వాళ్ల బతుకులోని మాటలతోనే చదువు నేర్పారు. ఇక్కడా కార్మికుల అనుభవాలతోనే పాఠం మొదలవ్వాలి. 'చివరిసారి ఎప్పుడు ఊపిరాడలేదు? అప్పుడు మేస్త్రీ ఏమన్నాడు?' అని అడగాలి. డిటెక్టర్, బ్లోయర్, హార్నెస్ వాళ్ల చేతికిచ్చి వాడించాలి.

అదే పాఠం మేస్త్రీకి, కాంట్రాక్టరుకు, ఇంజినీరుకు కూడా చెప్పాలి. అసలు మనిషి దిగే అవసరమే లేకుండా చేయడం మొదటి భద్రత. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల కోసం 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మాస్కు, గ్లవుజులు చివరి రక్షణ మాత్రమే.

హక్కు కూడా పాఠమే

రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టంలోని 7వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు కాల్వల్లో మరణాలకు పరిహారం 30 లక్షలకు పెంచాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది.

కార్మికుల వేలిముద్రలున్న శిక్షణ రిజిస్టరు, ప్రమాదం జరిగాక 'మేం చెప్పాం, వాళ్లే వినలేదు' అనడానికి సాక్ష్యం కాకూడదు. పరికరం లేకపోతే దిగనన్న కార్మికుడికి మర్నాడు కూడా పని ఉందా? శిక్షణ ఫలితాన్ని ఆ ప్రశ్నతోనే కొలవాలని మేము కోరుతున్నాం.