మింగలడాన్‌లో కాంట్రాక్టు పైలట్లు

మొన్నామధ్య అక్క ఫోన్ చేసింది. "ఒరే, నీ మేనల్లుడికి నువ్వైనా చెప్పు. లక్షలు పోసి విమానం నడపడం నేర్చుకుంటాట్ట, ఎయిర్‌లైన్లో మాత్రం చేరట్ట. మరింకేం చేస్తాడు, పొలాలకి మందు కొడతాడా?"

వాడి మనసు రాజమండ్రి నుంచి సముద్రంలో చమురు రిగ్గులకి వెళ్ళే హెలికాప్టర్ల మీద ఉంది. రోజూ అదే హైదరాబాదు-ఢిల్లీ బస్సు తోలడం తన వల్ల కాదంటాడు. పన్నెండేళ్ళుగా ఒక కాంట్రాక్టు నుంచి ఇంకో కాంట్రాక్టుకి గెంతుతూ కోడు రాసుకునే నేను, నిలకడైన ఉద్యోగం గురించి ఎవరికి ఏం చెప్పగలను? కానీ వాడి మాట వినగానే నాకు యాంగోన్ గుర్తొచ్చింది.

2017లో ప్రాజెక్టు పనిమీద నాలుగు నెలలు అక్కడున్నాను. మనవాళ్ళు రంగం అనేవారే, ఆ ఊరే. మా ముత్తాత కాకినాడలో స్టీమరెక్కి అక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళినవాడు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీల్లో మనవాళ్ళు ఎక్కువ. మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు కూలిలోంచి తీర్చుకోవాలి. అదీ ఒక రకం కాంట్రాక్టే. ఇంట్లో ముత్తాత గురించి మిగిలిన కథ ఇంతే: బాంబులు పడ్డాయి, నడిచి వచ్చేశాడు. ఆ బాంబుల సంగతి చదువుతుంటేనే నాకు ఈ పైలట్లు తగిలారు.

ఇప్పుడు యాంగోన్ విమానాశ్రయం ఉన్న మింగలడాన్ అప్పట్లో బ్రిటిష్ వైమానిక దళం స్థావరం. 1941లో అమెరికా నుంచి చైనా కోసం వంద పీ-40 విమానాలు పెట్టెల్లో రంగూన్ రేవుకొచ్చాయి. వాటిని మింగలడాన్‌లో బిగించారు. ఆ పెట్టెల్ని మా ముత్తాత కూడా మోశాడేమో అనుకోవడం నాకు సరదా, ఆధారం మాత్రం లేదు.

నడిపేవాళ్ళు వెనకాలే వచ్చారు. అమెరికా ఇంకా యుద్ధంలో దిగలేదు. అందుకని సైన్యం, నౌకాదళం, మెరైన్లలోంచి వందమంది దాకా పైలట్లు రాజీనామా చేసి ఒక ప్రైవేటు కంపెనీలో చేరారు. సెంట్రల్ ఎయిర్‌క్రాఫ్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ, ఏడాది అగ్రిమెంటు. పాస్‌పోర్టుల్లో వేరే వృత్తులు రాసుకున్నారు. జీతం నెలకి 600 డాలర్లు మొదలు, కూల్చిన ఒక్కో జపాను విమానానికి 500 అదనం. ఇది చదివి, క్లయింటు సైట్లో పనిచేసే మనలాంటివాళ్ళే కదా అని నవ్వుకున్నాను. ఫ్లయింగ్ టైగర్లని పేరొచ్చింది వీళ్ళకే.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీదికొచ్చాయి. బ్రిటిష్ బఫెలోలతో పాటు ఈ కాంట్రాక్టు పైలట్లూ మింగలడాన్ నుంచి లేచారు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజే పోయారు. ఒకతను హెన్రీ గిల్బర్ట్, 22 ఏళ్ళు, అందరికన్నా చిన్నవాడు. మా మేనల్లుడికి ఇప్పుడు 21. కింద ఊళ్ళో చనిపోయినవాళ్ళు వెయ్యికి పైనే. రేవు కూలీలు పారిపోయారు, ఓడల్లో సరుకు దించే దిక్కులేకపోయింది. ఆ తరవాతి నెలల్లో లక్షలమంది భారతీయులు బర్మా నుంచి కొండలు, అడవులు దాటి ఇటు నడిచారు. మా ముత్తాతకి జన్మలో విమానమంటే తలమీద బాంబు వేసే వస్తువే.

ఇదే ఆకాశంలో మనవాడూ ఒకడున్నాడు, వాళ్ళలా కాంట్రాక్టు మీద వచ్చినవాడు కాదు. కలకత్తాకు చెందిన కరుణ్ కృష్ణ మజుందార్, భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ నాయకుడు. వాళ్ళ లైసాండర్లు యుద్ధవిమానాలు కావు. పైనుంచి చూసి సైన్యానికి కబురు చెప్పడం, దిగకుండానే కొక్కెంతో సందేశాలు అందుకోవడం వాటి పని. 1942 ఫిబ్రవరి 1న టౌంగూ చేరారు, చేరీచేరగానే స్థావరం మీద బాంబులు. మర్నాడు మజుందార్ ఆ నిదానపు విమానానికే రెండు బాంబులు కట్టుకుని, థాయ్‌లాండ్‌లో జపాను వాళ్ళ మే హాంగ్ సన్ మైదానం మీదికి వెళ్ళి వేసొచ్చాడు. 1945లో లాహోరులో విన్యాసాలు చేస్తూ విమానం కూలి పోయాడు.

మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. నడిచొచ్చినవాళ్ళని వెంటాడినట్టు!

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అగ్రిమెంటు ముగింపు. మధ్యలో మానేసినవాళ్ళకి దళనాయకుడు షెనాల్ట్ సైన్యంలోలాగే 'డిసానరబుల్ డిశ్చార్జి' ఇచ్చాడు, చేరిందేమో ప్రైవేటు కంపెనీలో! 1942 జులై 4న దళాన్ని రద్దు చేసి, అమెరికా సైన్యంలో చేరండి అన్నారు. అక్కడికక్కడ చేరిన పైలట్లు ఐదుగురే. పదిమందికి పైగా చైనా ఎయిర్‌లైన్ సీఎన్ఏసీలో చేరి హిమాలయాల మీదుగా సరుకులు మోశారు. వాళ్ళలో ఒకడైన రాబర్ట్ ప్రెస్కాట్ 1945లో సరుకు రవాణా కంపెనీ పెట్టాడు, తరవాత అదే ఫ్లయింగ్ టైగర్ లైన్. 1989లో ఫెడెక్స్ దాన్ని కలిపేసుకుంది. అంటే ఎయిర్‌లైన్ వద్దని వాళ్ళేం ఒట్టు పెట్టుకోలేదు. ఏ కాగితం మీద ఎవరికోసం ఎగరాలో ప్రతిసారీ తేల్చుకున్నారు, అంతే.

ఇదంతా మేనల్లుడికి ఫోన్లో గంటసేపు చెప్పాను. విన్నాడు. "మావయ్యా, పోయిన ఇద్దరి ఇళ్ళకీ ఏమైనా ఇచ్చారా? అగ్రిమెంటులో అది ఉందా?" అన్నాడు. వందమంది బతుకుల గురించి చదివి, నేను అడగని ప్రశ్న అది.

అక్కకి వాడు ఎయిర్‌లైన్లో చేరతాడని నేనేం చెప్పలేదు. ఏ హెలికాప్టర్ కంపెనీ కాగితమైనా సంతకం పెట్టేముందు నాకు పంపమన్నానని మాత్రం చెప్పాను.